అపార్ట్‌మెంట్‌లో రీసైక్లింగ్ బిన్ లేదు, ఓనర్‌ని ఎలా అడగాలి?

తెనాలి అమ్మాయి (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మేం ఫ్రీమాంట్‌లో 28 ఇళ్లున్న పాత అపార్ట్‌మెంట్‌లో రెండేళ్లుగా అద్దెకుంటున్నాం. రెండంతస్తులు, లిఫ్ట్ లేదు, మాది పై అంతస్తు. వెనక పార్కింగ్ చివర ఇటుక గోడ కట్టి, ఇనప గేటు పెట్టి, లోపల రెండు పెద్ద డంప్‌స్టర్లు ఉంచారు. రెండూ చెత్తవే. రీసైక్లింగ్‌కి పెట్టే నీలం బిన్ లేదు, తడి చెత్తకి పెట్టే ఆకుపచ్చ బిన్ అసలే లేదు. అరటితొక్కలు, అమెజాన్ అట్టపెట్టెలు, గ్యాలన్ పాల డబ్బాలు, పిల్లల డైపర్లు అన్నీ అందులోకే. సోమవారం, గురువారం బండి వస్తుంది. పెట్టెలు మడవకుండా పడేస్తారు కాబట్టి బుధవారం సాయంత్రానికే మూత పడదు. రాత్రిపూట రకూన్లు ఎక్కి కవర్లు చింపి పోతాయి. పొద్దున్నే కారు తీయడానికి వెళితే కింద అన్నం మెతుకులు, టీ పొడి.

నాకు ఇది ఎందుకింత బాధో చెప్పాలి. మా నాన్నకి తెనాలిలో చిన్న కిరాణా కొట్టు ఉండేది. సరుకు వచ్చిన అట్టపెట్టె ఒక్కటి కూడా మా కొట్లో పారేసినట్టు నాకు గుర్తు లేదు. పేపర్లు మేడ మీద గదిలో దొంతర పేర్చేవారు. పాత పేపర్ల అతను తక్కెడ తెస్తే నాన్న పక్కనే నిలబడి ముల్లు చూసేవారు. నూనె డబ్బా ఖాళీ అయితే మూత కోసి, కడిగి, మా అమ్మ అందులో చింతపండు పోసేది. పాత ఇనుముకి, ప్లాస్టిక్‌కి ఉల్లిపాయలిచ్చే బండి వీధిలోకి వస్తే విరిగిన బకెట్టు పట్టుకుని నేనే పరిగెత్తేదాన్ని. ఎవరూ మాకు రీసైక్లింగ్ అని పేరు చెప్పలేదు. పనికొచ్చేదాన్ని పారేస్తే తప్పు అని మాత్రం తెలుసు. అలాంటి ఇంట్లో పెరిగి, ఇక్కడ వారానికి మూడు గ్యాలన్ డబ్బాలు చేతులారా చెత్తలో వేస్తుంటే ప్రతిసారీ చెయ్యి ఆగుతుంది.

మొదట్లో వేయలేదు కూడా. డబ్బాలు కడిగి, సంచిలో కట్టి, కారు డిక్కీలో పెట్టుకుని శనివారం శనివారం పక్క ఊరు నూవర్క్‌లో సొంతిల్లున్న స్నేహితురాలి ఇంటికి తీసుకెళ్లేదాన్ని. పాపం ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు. ఒకరోజు వాళ్ల నీలం బిన్ మూత పైకి లేచి ఉండటం చూశాను. వాళ్ల సామానుకే చోటు లేదు, పైన నావి. ఆ రోజుతో మానేశాను. నీళ్ల సీసాలు, కూల్‌డ్రింక్ టిన్నులైతే, కొన్నప్పుడు కట్టిన డిపాజిట్ డబ్బులు తిరిగిచ్చే సెంటర్‌లో ఇవ్వొచ్చు. పాల డబ్బాకి ఆ డిపాజిట్ లేదు, వాళ్లు తీసుకోరు.

మా పాప రెండో క్లాసు. స్కూల్లో లంచ్ తిన్నాక మూడు డబ్బాల ముందు వరసలో నిలబడి దేనిది దానిలో వేయాలి. పోయిన నెల చెత్త పడేయడానికి నాతో కిందికి వచ్చి, రెండు డంప్‌స్టర్ల చుట్టూ తిరిగి చూసి, "అమ్మా, మన బ్లూ బిన్ ఏది?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

మేనేజర్‌ని నోటిమాటగా రెండుసార్లు అడిగాను. మొదటిసారి "చూస్తాం" అన్నారు. రెండోసారి "ఇక్కడ చోటు లేదు, ఎవరూ అడగలేదు" అన్నారు. రెంట్‌తో పాటు నెలకి 32 డాలర్లు ట్రాష్ ఫీజు కడుతున్నాం.

అడగదలుచుకున్నవి ఇవీ. అపార్ట్‌మెంట్ ఓనర్ రీసైక్లింగ్ ఇచ్చి తీరాలని చట్టం ఏమైనా ఉందా, లేక అది వాళ్ల ఇష్టమా? ఉంటే ఎవరికి, ఎలా రాయాలి? ఇంకో భయం కూడా ఉంది. అక్టోబర్‌లో లీజు రెన్యువల్. మా వారు "వీసా మీద ఉన్నాం, మనకెందుకు ఈ టెన్షన్, రెంట్ పెంచేస్తే?" అంటున్నారు. ఆయన మాటా కొట్టిపారేయలేను.


సిక్కోలు వాసి (సాన్ హోసే)

తెనాలి అమ్మాయి గారూ, ఇది వాళ్ల ఇష్టం కానే కాదండి. నేను ఇదే పని నాలుగేళ్ల కిందట చేశాను కాబట్టి తెలిసింది చెబుతాను.

కాలిఫోర్నియాలో రెండు చట్టాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి ఏబీ 341. దాని ప్రకారం 5 ఇళ్లు, అంతకన్నా ఎక్కువ ఉన్న ప్రతి అపార్ట్‌మెంట్ 2012 జూలై 1 నుంచి రీసైక్లింగ్ ఏర్పాటు చేసుకోవాలి. రెండోది ఎస్‌బీ 1383. చట్టం 2016లో వచ్చింది, దాని నిబంధనలు 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. దీంతో తడి చెత్త, అంటే వంటింటి వ్యర్థాలు, తోట చెత్త కూడా విడిగా తీయాల్సిందే. చెత్తకుప్పలో కుళ్లిన తిండి నుంచి వాతావరణాన్ని వేడెక్కించే మీథేన్ వాయువు వస్తుంది, అది తగ్గించడానికే ఈ చట్టం. సేంద్రియ చెత్త ల్యాండ్‌ఫిల్‌కి, అంటే చెత్త పూడ్చే చోటికి, వెళ్లడం 2014తో పోలిస్తే 2025కల్లా 75 శాతం తగ్గాలని లక్ష్యం పెట్టారు.

మీకు పనికొచ్చే ముక్క ఇది. ఎస్‌బీ 1383 నిబంధనల్లో 5 ఇళ్లు, అంతకన్నా ఎక్కువ ఉన్న అపార్ట్‌మెంట్‌ని వ్యాపార సంస్థల లెక్కలో వేశారు. ఓనరు మీద మూడు బాధ్యతలు పెట్టారు. సరిపడా సంఖ్యలో, సరిపడా సైజులో, సరైన చోట, సరైన రంగు గానీ లేబుల్ గానీ ఉన్న బిన్‌లు అద్దెకున్నవాళ్లకి అందుబాటులో ఉంచాలి. ఏది ఎందులో వేయాలో ఏడాదికోసారి చెప్పాలి. కొత్తగా దిగినవాళ్లకి దిగేముందు గానీ, దిగిన 14 రోజుల్లోపు గానీ చెప్పాలి. మీరు దిగి రెండేళ్లయింది, మీకెవరైనా ఒక్క కాగితం ఇచ్చారా? ఇవ్వలేదు కదా. అదీ రాయండి.

"ఎవరూ అడగలేదు" అనేది చెల్లే మాట కాదు. చట్టం ఓనర్‌కి చెప్పింది, అడగమని మీకు కాదు. ఇక "చోటు లేదు" అనేదానికి దారి ఉంది కానీ అది మేనేజర్ నోటిమాటతో రాదు. నిజంగా చోటు లేకపోతే సిటీ దగ్గర మినహాయింపు తీసుకోవాలి. చెత్త కంపెనీ గానీ, లైసెన్సున్న ఆర్కిటెక్ట్ గానీ, ఇంజనీర్ గానీ చూసి చెప్పిన ఆధారం చూపాలి. కాబట్టి మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి: "సిటీ నుంచి మినహాయింపు తీసుకున్నారా?" అని. మా మేనేజర్ స్వరం మారింది ఈ ప్రశ్న దగ్గరే.

నోటిమాట వద్దు, ఈమెయిల్ రాయండి. పొడుగు ఉత్తరం అక్కర్లేదు, ఎనిమిది పది లైన్లు చాలు. మీ యూనిట్ నంబరు, డంప్‌స్టర్ గది ఫోటో, ఏ తేదీన మాట్లాడారో, ఎస్‌బీ 1383 పేరు. కోపం మాట ఒక్కటీ వద్దు. రెండు వారాలు ఆగండి. జవాబు రాకపోతే మీ సిటీలో రీసైక్లింగ్ చూసే విభాగానికి అదే ఈమెయిల్ పంపండి. మీది అలమీడా కౌంటీ. అక్కడ స్టాప్‌వేస్ట్ అని ప్రభుత్వ సంస్థ ఉంది, వాళ్లకూ పంపొచ్చు. 2024 నుంచి జరిమానాలు వేసే అధికారం కూడా ఉంది: మొదటిసారి 50 నుంచి 100 డాలర్లు, రెండోసారి 100 నుంచి 200, ఆ తర్వాత 250 నుంచి 500. పెద్ద ఓనర్‌కి అది పెద్ద మొత్తం కాదు. కానీ సిటీ నుంచి నోటీసు కాగితం వచ్చిందంటే ఆఫీసులో ఎవరో ఒకరు దాని పని చూడాల్సిందే. మాకు అదే జరిగింది.

లీజు గురించి మీవారి భయం నాకు బాగా అర్థమైంది, నేనూ అప్పుడు హెచ్1బీ మీదే ఉన్నాను. వీసాకీ దీనికీ సంబంధమే లేదు. అద్దెకున్నవాళ్లు చట్టం ఇచ్చిన హక్కు వాడుకున్నందుకు కక్ష సాధించకూడదని కాలిఫోర్నియా సివిల్ కోడ్‌లో 1942.5 అని సెక్షన్ ఉంది. పైగా 15 ఏళ్లు దాటిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి 2020 నుంచి ఏడాది రెంట్ పెంపు మీద పరిమితి ఉంది: 5 శాతం, దానిపైన ధరల పెరుగుదల, ఎంతైనా మొత్తం 10 శాతం దాటకూడదు. మీది పాత బిల్డింగ్ అన్నారు కాబట్టి చూసుకోండి. ఇంకో మాట, ఒక్కరే రాయకండి. మీ అంతస్తులో ఇద్దరు ముగ్గురు కలిసి రాస్తే ఎవరో ఒకరి పేరు మీద పడదు.


ఎడిసన్ బాబాయి (న్యూజెర్సీ)

అమ్మాయ్, మీ నాన్నగారి తక్కెడ మాట చదివి మా గుడివాడ గుర్తొచ్చింది. సంతోషం.

మా రాష్ట్రంలో ఈ పని 1987 నుంచే ఉంది. రాష్ట్రమంతటా రీసైక్లింగ్ అందరికన్నా ముందు తప్పనిసరి చేసిన రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఒకటి. నేను 1998లో వచ్చేసరికి అపార్ట్‌మెంట్లలో బిన్‌లు మామూలు విషయం. అందుకని నేను చెప్పేది చట్టం గురించి కాదు, బిన్ వచ్చాక ఏమవుతుందో చెబుతాను. బిన్ వచ్చింది కదా అని అక్కడితో వదిలేస్తే ఆరు నెలల్లో అదీ ఇంకో చెత్తకుండీ అవుతుంది.

మేం మొదట ఉన్న కాంప్లెక్స్‌లో చెత్త డంప్‌స్టర్ మెట్ల పక్కన, రీసైక్లింగ్ డబ్బాలు పార్కింగ్ అవతల చివర. జనవరిలో మంచులో, చేతిలో రెండు సంచులతో, ఎవరు నడుస్తారమ్మా అంత దూరం? నేనే నడవలేదు, నిజం చెబుతున్నా. తర్వాత వచ్చిన సూపర్, అంటే బిల్డింగ్ పనులు చూసే మనిషి, ఆ డబ్బాలు తెచ్చి డంప్‌స్టర్‌కి ఆనించి పెట్టాడు. ఇంకేం చెయ్యలేదు. అప్పట్నుంచి నిండడం మొదలైంది. కాబట్టి మీరు బిన్ అడిగేటప్పుడే ఎక్కడ పెట్టాలో కూడా అడగండి. చెత్త డబ్బా పక్కనే ఉండాలి.

మనవాళ్లకి ఒక్క విషయం నెత్తీ నోరూ మొత్తుకుని చెప్పండి. ప్లాస్టిక్ కవర్లో కట్టి నీలం బిన్‌లో వేయొద్దు. లోపల అన్నీ కడిగిన సీసాలే ఉన్నా సరే. ఆ కవర్లు సార్టింగ్ మెషీన్ల రోలర్లకి చుట్టుకుపోతాయి, మెషీన్ ఆపి మనిషి కత్తితో కోసి తీయాలి. సీసాలు విడిగా పడేసి, కవరు వెనక్కి తెచ్చుకోండి. మా ఇంట్లో మీ పిన్ని చేతిలో ఒక గుడ్డసంచి తయారుగా ఉంటుంది, దానిలో తీసుకెళ్లి కుమ్మరించి వస్తుంది.

చైనా 2018లో మన దగ్గర్నుంచి మురికి ప్లాస్టిక్, కలగలుపు కాగితం కొనడం ఆపేసింది. అప్పట్నుంచి ఇక్కడ పట్టింపు పెరిగింది. పెరుగు అంటుకున్న డబ్బా, నూనె కారిన పెట్టె పక్కనున్న మంచి కాగితాన్ని కూడా పాడు చేస్తాయి. చెత్త కలిసిన బిన్ పంపించినందుకు మళ్లీ ఓనర్ మీద అదనపు చార్జీ పడితే, అది సాకుగా చూపించి బిన్ తీసేయాలని చూస్తారు. ఆ సాకు దొరకనివ్వకండి.


కడప కుర్రాడు (ఆస్టిన్ దగ్గర)

బాబాయి గారు దూరం గురించి చెప్పింది వంద శాతం నిజం. ఆస్టిన్‌లో అది రూల్‌గానే రాశారు. ఇక్కడి సిటీ ఆర్డినెన్స్‌లో 5 ఇళ్లు, అంతకన్నా ఎక్కువ ఉన్న అపార్ట్‌మెంట్లన్నీ రీసైక్లింగ్ ఇవ్వాలి. ఇంటికి వారానికి ఇన్ని గ్యాలన్ల చోటు అని లెక్క, 6.4 అనుకుంటే సరి. రీసైక్లింగ్ డబ్బా చెత్త డబ్బాకి 25 అడుగుల లోపల ఉండాలి. బోర్డులు ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉండాలి. నేను మూడేళ్లు అక్కడున్నప్పుడు ఒక్కరోజు కూడా ఇబ్బంది పడలేదు.

పోయిన ఏడాది పెళ్లయ్యాక పెద్ద ఇల్లు కావాలని సిటీ హద్దు దాటి ఉత్తరాన వచ్చాం. 15 మైళ్లే. ఇక్కడ ఏమీ లేదు. టెక్సస్‌లో రాష్ట్రమంతటికీ అలాంటి చట్టం లేదు, ఏ ఊరికి ఆ ఊరు పెట్టుకుంటేనే ఉంటుంది. డాలస్ కూడా 2020 జనవరి నుంచి 8 ఇళ్లు, అంతకన్నా ఎక్కువ ఉన్న అపార్ట్‌మెంట్లకి పెట్టింది. పక్క ఊళ్లో ఉంటే మాత్రం మీ అదృష్టం. లీజింగ్ ఆఫీసులో జిమ్, స్విమ్మింగ్ పూల్, కుక్కల పార్కు అన్నీ చూపించారు. రీసైక్లింగ్ గురించి అడగాలని నాకు తట్టనే లేదు. అంత అలవాటైపోయి, అన్ని చోట్లా ఉంటుందనుకున్నాను. ఇల్లు చూడటానికి వెళ్లేవాళ్లు చెత్త గది కూడా ఒకసారి తీసి చూడండి.

అక్కా, మీకు చట్టం ఉంది. వాడుకోండి. మాకు లేనిది మీకు ఉంది.


ఓరుగల్లు (సాన్ రమోన్)

నేను ఓనర్ల వైపు నుంచి మాట్లాడతా. కిరాయికి ఇచ్చే ఓనర్‌ని కాదు. మాది 44 కాండోల కమ్యూనిటీ, అంటే ఏ ఇల్లు ఆ ఇంటివాళ్ల సొంతం. నేను హెచ్‌ఓఏ, అంటే ఇండ్ల ఓనర్ల అసోసియేషన్, బోర్డులో ట్రెజరర్‌గా ఉన్న.

ముందు ఒక తేడా. అపార్ట్‌మెంట్‌లో ఓనర్ ఒక్కడే, అతన్ని పట్టుకుంటే చాలు. కాండోలో కిరాయికి ఉంటే మీ ఇంటి ఓనర్‌ని అడిగి లాభం లేదు. డంప్‌స్టర్ ఉన్న జాగా అసోసియేషన్‌ది, చెత్త కంపెనీతో ఖాతా కూడా అసోసియేషన్‌దే. మీ ఓనర్ ద్వారా బోర్డుకి రాయించాలి. ఇది తెల్వక చాలామంది నెలలకు నెలలు ఇంటి ఓనర్‌తో కొట్లాడతారు.

ఇక మేనేజర్ "చోటు లేదు" అంటే అది ప్రతిసారీ అబద్ధం కాదు. మా దగ్గర మూడో రకం బిన్ పెట్టాలంటే గెస్ట్ పార్కింగ్‌లో ఒక స్లాట్ పోవాల్సి వచ్చింది. 44 ఇండ్లకి ఆరు గెస్ట్ స్లాట్లు. మీటింగ్‌లో రెండు గంటలు దాని మీదనే పంచాయితీ. ఒకాయన "నా బిడ్డ ఇంటికొస్తే కారు ఎక్కడ పెట్టాలె?" అని లేచి నిలబడ్డాడు. ఆయన బాధ కూడా బాధే.

ఎట్ల తెగిందంటే, చెత్త కంపెనీ నుంచి ఒకామెని పిలిపించినం. ఆమె డబ్బులు తీసుకోలేదు, వచ్చి డంప్‌స్టర్ మూతలు తీసి చూసింది. సగానికి సగం అట్టపెట్టెలు, అవీ మడవనివి. "మీకు చెత్త ఎక్కువ లేదు, గాలి ఎక్కువుంది" అన్నది. చెత్త డంప్‌స్టర్ రెండు నుంచి ఒకటికి తగ్గించి, ఆ జాగాలో నీలం, ఆకుపచ్చ పెట్టినం. పార్కింగ్ స్లాట్ పోలేదు. నెల బిల్లు కూడా మాకు ముందుకన్నా ఎక్కువ కాలేదు. అన్ని ఊర్లలో రేట్లు ఒక్కతీరు ఉండవు, మీ దగ్గర కనుక్కోండి.

అందుకే మీరు రాసే ఈమెయిల్‌లో ఒక్క లైన్ చేర్చండి: "కంపెనీ వాళ్లని ఒకసారి పిలిపించి చూపించండి, నేను కూడా ఉంటాను" అని. చట్టం నంబరు చూసి మేనేజర్ భయపడతాడు, నిజమే. కానీ భయపడ్డ మనిషి పని పైపైన చేసి వదిలేస్తాడు. దారి చూపిస్తే చేసే పని వేరే ఉంటది.

రెండు నెలలు మాకు బిన్‌లో చెత్త కలిసిందని చార్జీ పడ్డది. మూడో నెల ప్రతి ఇంటికి వెళ్లి చెప్పినం. అప్పుడు ఆగింది.


తెనాలి అమ్మాయి (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

ఆరు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి, ఏదో ఒకటి తేలాక రాద్దామని ఆగాను.

సిక్కోలు వాసి గారు చెప్పినట్టే రాశాను. పన్నెండు లైన్లు. మా పక్కింటి మెక్సికన్ ఆవిడ, కింద ఉండే నిజామాబాద్ వాళ్లు, నేను, ముగ్గురం సంతకం పెట్టాం. మెక్సికన్ ఆవిడకి ఇంగ్లీషు తక్కువ, నాకు స్పానిష్ రాదు. వాళ్లబ్బాయి చదివి చెబితే ఆవిడ విని, కళ్లజోడు పెట్టుకుని, పేరు మొత్తం అక్షరం అక్షరం రాసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కింది. మా వారు మొదట పంపొద్దనే అన్నారు. సివిల్ కోడ్ సెక్షన్ తెరిచి చదువుకున్నాక, పంపేముందు స్పెల్లింగులు ఆయనే దిద్దారు.

"మినహాయింపు తీసుకున్నారా" అన్న ప్రశ్నకి జవాబు రాలేదు. తొమ్మిదో రోజు మాత్రం మేనేజర్ ఫోన్ చేశారు. ఓరుగల్లు గారి మాట ప్రకారం నేను గట్టిగా మాట్లాడలేదు, కంపెనీ వాళ్లని పిలిపిస్తే నేనూ వస్తానన్నాను. ఒక గురువారం పొద్దున వాళ్ల మనిషి టేపు పట్టుకుని వచ్చి గేటు వెడల్పు కొలిచారు. ఆఫీసుకి గంట ఆలస్యంగా వెళతానని చెప్పి నేను పక్కనే నిలబడ్డాను, తక్కెడ పక్కన మా నాన్న నిలబడ్డట్టు. రెండు డంప్‌స్టర్లు గోడకి జరిపితే పక్కన 96 గ్యాలన్ల చక్రాల బిన్‌లు నాలుగు పడతాయని తేలింది. ఇన్నాళ్లూ లేదన్న చోటు అదే. పోయిన సోమవారం నాలుగు నీలం బిన్‌లు వచ్చాయి.

మొదటి వారం బాగా జరగలేదు, దాచడమెందుకు. నాలుగో బిన్‌లో ఎవరో డైపర్ల మూట వేశారు. ఇంకోదానిలో సగం తిన్న పిజ్జా, పెట్టెతో సహా. చార్జీ పడితే మొత్తం పోతుందని గుండె దడదడలాడింది. చేతికి గ్లవుజులు వేసుకుని రెండూ తీసేశాను. ఆ సాయంత్రమే కూర్చుని బోర్డులు తయారు చేశాం. ఇంగ్లీషుదీ స్పానిష్‌దీ స్టాప్‌వేస్ట్ వాళ్ల దగ్గర దొరికాయి. మా బిల్డింగ్‌లో తెలుగువాళ్లం ఐదిళ్లవాళ్లం ఉన్నాం, అందుకని తెలుగులో ఒకటి నేను రాశాను. పాల డబ్బా, అట్టపెట్టె, టిన్ను బొమ్మలు మా పాప వేసింది. పాల డబ్బాకి మూత ఎర్రరంగు, మా ఇంట్లో వచ్చేది అదే.

"పాల డబ్బాలు, పెరుగు డబ్బాలు ఒకసారి తొలిపి వేయండి" అని రాశాను. నిజామాబాద్ ఆవిడ చదివి "తొలిపి అంటే ఏంది?" అని అడిగారు. మా అమ్మ గిన్నె తొలిపి పెట్టు అంటుంది, నాకు అది తప్ప ఇంకో మాట తట్టలేదు. కొట్టేసి "కడిగి" అని రాశాను. దాని కింద బాబాయి గారి మాట పెద్దక్షరాల్లో: "కవర్లో కట్టి వేయొద్దు. కుమ్మరించి కవరు ఇంటికి తీసుకెళ్లండి." ఈ వారం నాలుగు బిన్‌లలోకీ తొంగి చూశాను. రెండు కవర్లు కనిపించాయి, అంతే.

ఆకుపచ్చ బిన్ ఇంకా రాలేదు. వచ్చే నెల అన్నారు, ఈమెయిల్లో రాసి ఇమ్మన్నాను, ఇచ్చారు. వంటింటి చెత్త అంతా ఇప్పటికీ డంప్‌స్టర్‌లోకే పోతోంది, కూరగాయల తొక్కలు, కరివేపాకు రెబ్బలు, మిగిలిన అన్నం. ఒకటో తారీఖు దాటితే సిటీకి రాస్తాను, ఉత్తరం తయారుగా ఉంది. లీజు రెన్యువల్ కాగితం కూడా వచ్చింది, పెంపు పోయిన ఏడాది ఎంతో ఈ ఏడాదీ అంతే.

ఇంకో సందేహం తీర్చండి. 20 పౌండ్ల సోనామసూరి సంచి, ఆ అల్లిక ప్లాస్టిక్ సంచి, నీలం బిన్‌లో వేయకూడదని కంపెనీ అతను చెప్పారు, అదీ మెషీన్‌కి చుట్టుకుంటుందట. మా ఐదిళ్లలో కలిపి నెలకి ఎనిమిది తొమ్మిది సంచులు తేలుతున్నాయి. జిప్పు ఉన్నవి, గట్టివి. మీరంతా వాటిని ఏం చేస్తున్నారు?